రన్‌ఫ్లాట్ టైర్లు తీసేసి మామూలు టైర్లు వేయించవచ్చా?

ముందుగా మీ ప్రశ్నను నాకు అర్థమైనంత మేరకు కుదించి రాస్తాను, తప్పుంటే సరిచేయండి. 2018 మోడల్ బీఎండబ్ల్యూ 320డీ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ టైర్లు నాలుగూ అరిగిపోయాయి. షోరూమ్‌వాళ్లు మళ్లీ రన్‌ఫ్లాటే వేయాలంటున్నారు, బయటి షాపువాళ్లు మామూలు ట్యూబ్‌లెస్ చాలంటున్నారు, రెండు ధరలూ పక్కపక్కన పెట్టి చూస్తే మీకు గుండె గుభేలుమంది. వారంలో ఐదు రోజులు మియాపూర్ నుంచి గచ్చిబౌలికి ఆఫీసు, నెలకు ఒకటి రెండుసార్లు గుంటూరు ప్రయాణం. అప్పుడప్పుడు మీ శ్రీమతి నడుపుతారు. డిక్కీలో స్టెప్నీ లేదు. ఏది వేయించాలి, మారిస్తే ప్రమాదమా?

మీ వాడకానికి మామూలు ట్యూబ్‌లెస్ టైర్లే వేయించండి. అయితే స్టెప్నీ, జాకీ, వీల్ స్పానర్ బండిలోకి చేరాకే. ఆ ఏర్పాటు మీకు కుదరకపోతే, లేదా మీ శ్రీమతి తరచూ రాత్రిపూట ఒంటరిగా దూరం వెళ్లవలసి ఉంటే, రన్‌ఫ్లాట్‌లోనే ఉండిపోండి. మామూలు టైర్లు వేసి, స్టెప్నీ లేకుండా, దేవుడి మీద భారం వేసి తిరగడం మాత్రం వద్దు. నా దగ్గరికి వచ్చే తలనొప్పుల్లో సగం ఆ మూడోరకం వాళ్లవే.

నాది విజయవాడ ఆటోనగర్‌లో టైర్ల షాపు, వీల్ అలైన్‌మెంట్ కూడా చేస్తాం. రెండు రకాలూ అమ్ముతాను. నిజానికి రన్‌ఫ్లాట్ అమ్మితేనే నాకు నాలుగు రూపాయలు ఎక్కువ మిగులుతాయి. కాబట్టి మామూలు టైర్లు వేయమని చెప్పడంలో నాకు వ్యాపార లాభమేమీ లేదు.

ఇక కారణాలు. మామూలు టైరులో బండి బరువును మోసేది ప్రధానంగా లోపలి గాలే. గాలి పోతే సైడ్‌వాల్, అంటే టైరు పక్కగోడ, మడతపడుతుంది, రిమ్ అంచు దాన్ని నేలకేసి నలుపుతుంది. అలా కొద్ది దూరం నడిపినా లోపలి దారాలు తెగి టైరు పనికిరాకుండా పోతుంది. రన్‌ఫ్లాట్‌లో సైడ్‌వాల్ లోపలివైపు వేడికి ఓర్చుకునే గట్టి రబ్బరు దిమ్మ ఒకటి అదనంగా పోసి ఉంటుంది. గాలి మొత్తం పోయినా ఆ గోడ కొంతసేపు బండిని నిలబెడుతుంది. దాని రిమ్ కూడా కొంచెం వేరు. గాలి లేనప్పుడు టైరు అంచు జారి రిమ్ నడుమ గాడిలో పడకుండా లోపలి గట్టు మామూలు దానికంటే ఎత్తుగా ఉంటుంది. ఆ రిమ్ మీద మామూలు టైరు నిక్షేపంగా కూర్చుంటుంది, ఆ విషయంలో భయం అక్కర్లేదు. మామూలు కారు రిమ్ మీద, అందులోనూ గాలి తగ్గితే హెచ్చరించే లైటు లేని బండికి, రన్‌ఫ్లాట్ తెచ్చి వేయడమే తప్పు. మొన్నామధ్య ఒకాయన పాత హ్యాచ్‌బ్యాక్ తెచ్చి, పంక్చర్ల బాధ పడలేకపోతున్నాను, రన్‌ఫ్లాట్ వేయమన్నారు. వేయనని చెప్పి పంపించాను.

ఈ టైర్లు నిన్న మొన్నటివి కావు. అమెరికాలో షెవ్రొలే కార్వెట్‌కు 1994లోనే అదనపు డబ్బు కట్టేవాళ్లకు ఇచ్చారు, 1997 మోడల్ నుంచి ఆ కారుకు స్టెప్నీయే తీసేశారు. 2005లో వచ్చిన 3 సిరీస్‌తో బీఎండబ్ల్యూ వీటిని విరివిగా వేయడం మొదలుపెట్టింది. అక్కడ అవి అర్థవంతమే. నున్నటి రోడ్లు, ఫోను చేస్తే వచ్చే సహాయక వాహనం, ప్రతి పట్టణంలో అదే సైజు టైరున్న దుకాణం. వాటిని తెచ్చి సూర్యాపేట దగ్గర నిలబెట్టినప్పుడే లెక్క మారిపోతుంది.

రన్‌ఫ్లాట్ అంటే పంక్చర్ కాని టైరు కాదు. ఇది గట్టిగా చెప్పాల్సి వస్తోంది, ఎందుకంటే కొనేవాళ్లలో చాలామంది అలాగే అనుకుంటున్నారు. మేకు దానికీ దిగుతుంది, గాలి దానికీ పోతుంది. తేడా ఏమిటంటే, గాలి పోయాక కూడా గంటకు 80 కిలోమీటర్లు దాటని వేగంతో సుమారు 80 కిలోమీటర్లు వెళ్లవచ్చు. తయారీదారులు ఎక్కువగా చెప్పే పరిమితి అదే. ఆ 80 కూడా రాసిచ్చిన హామీ కాదు. ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, మే నెల మిట్టమధ్యాహ్నం అయితే అంతకంటే తక్కువే అనుకోవాలి. గాలి లేని సైడ్‌వాల్ ప్రతి చుట్టుకూ వంగి లేస్తూ తనకు తానే వేడెక్కుతుంది. ఆ వేడే దాన్ని చంపుతుంది.

ఇప్పుడు మీ గుంటూరు దారి లెక్క చూద్దాం. 65వ నంబరు జాతీయ రహదారి మీద సూర్యాపేట దగ్గర గాలి పోయిందనుకోండి. అక్కడి నుంచి ఎల్బీ నగర్ అయినా, విజయవాడ అయినా సుమారు 130 కిలోమీటర్లు. మీ 80 కిలోమీటర్లు రెండు వైపులా చాలవు. కోదాడ దాకా వెళ్తారు, అక్కడ టైర్ల షాపు ఉంటుంది, కానీ 225/50 ఆర్ 17 రన్‌ఫ్లాట్ ఉండదు. విజయవాడలో నా షాపులోనే అన్ని సైజులూ ఎప్పుడూ ఉండవు, చెన్నై నుంచో హైదరాబాద్ నుంచో తెప్పించాలి, ఒకటి రెండు రోజులు పడుతుంది. అంటే ఆ టైరు మిమ్మల్ని చీకటి రోడ్డు నుంచి వెలుతురున్న ఊరికి చేర్చింది, ఇంటికి మాత్రం చేర్చలేదు. అదే సమయంలో స్టెప్నీ ఉన్నవాడు అరగంటలో చక్రం మార్చుకుని బయలుదేరతాడు. చాలా బళ్లకు ఇచ్చే సన్నటి స్టెప్నీ మీద కూడా వేగం 80 దాటకూడదు, అయినా దాంతో నెమ్మదిగా ఇంటికి చేరవచ్చు.

అయితే ఇదే వాదనను అటు తిప్పి చూడండి. రాత్రి పదకొండింటికి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద, పక్కన లారీలు దూసుకుపోతుంటే, ఎడమ అంచున బండి ఆపి చక్రం విప్పడం ఎంత ప్రమాదమో ఆలోచించండి. అక్కడ రన్‌ఫ్లాట్ ప్రాణం కాపాడే వస్తువే. బండి ఆపకుండా తర్వాతి ఎగ్జిట్ దగ్గర దిగిపోతారు. శ్రీశైలం దారిలో మన్ననూరు దాటాక అడవి సంగతీ అంతే. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి తొమ్మిది తర్వాత ఆ దారి మూసేస్తారు, సాయంత్రం పూట లోపల చక్రం విప్పుకుంటూ కూర్చోవడం ఎవరికీ సరదా కాదు. వేగంగా పోతున్నప్పుడు టైరు ఒక్కసారిగా గాలి వదిలినా రన్‌ఫ్లాట్ ఉన్న బండి స్టీరింగ్ మాట వింటుంది, మామూలు టైరైతే పక్కకు లాగేస్తుంది. ఈ ఒక్క గుణానికి నేను దానికి నమస్కారం పెడతాను. మిగతా గుణాలన్నీ ఈ ఒక్కదాని కోసం మనం చెల్లించే ధరలు.

ఆ ధరల్లో మొదటిది కుదుపు. గట్టి సైడ్‌వాల్ రోడ్డులోని ప్రతి గతుకునూ యథాతథంగా సీటుకు అందిస్తుంది. టైరు కూడా అదే సైజు మామూలు దానికంటే ఒకటి రెండు కిలోలు బరువెక్కువ, అది సస్పెన్షన్‌కు కింద వేలాడే బరువు కాబట్టి చిన్న గతుకుల మీద తేడా తెలుస్తుంది. ఇటీవలి తరం రన్‌ఫ్లాట్లు పాతవాటికంటే చాలా మెత్తబడ్డాయి, ఆ మాట ఒప్పుకోవాలి. మీ బండికి ఇప్పుడున్నవి అరిగిపోయి, వయసుకు రాయిలా గట్టిపడి ఉంటాయి కాబట్టి మీకు కుదుపు మరీ ఎక్కువ అనిపిస్తుండవచ్చు. కొత్త రన్‌ఫ్లాట్ వేసినా కొంత ఉపశమనం ఉంటుంది. మామూలువి వేస్తే తేడా మొదటి స్పీడ్‌బ్రేకర్ దగ్గరే తెలుస్తుంది. దానికి బదులుగా మలుపుల్లో స్టీరింగ్ చురుకుదనం రవ్వంత తగ్గినట్టు కొందరికి అనిపిస్తుంది. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఆ చురుకుదనంతో మీకు పనేమీ ఉండదులెండి.

రెండోది గుంతలు. ఇక్కడ జనంలో ఒక అపోహ ఉంది, రన్‌ఫ్లాట్ గోడ గట్టిది కాబట్టి గుంతలను బాగా తట్టుకుంటుందని. గుంత అంచుకీ రిమ్ అంచుకీ మధ్య టైరు నలిగినప్పుడు లోపలి దారాలు తెగి సైడ్‌వాల్ మీద బుడిపె వస్తుంది. అది రెండు రకాల్లోనూ వస్తుంది. కాకపోతే మామూలు టైరు దెబ్బను కొంత తాను మింగుతుంది, రన్‌ఫ్లాట్ ఆ దెబ్బను రిమ్‌కు ఎక్కువగా అందిస్తుంది. వానాకాలం వెళ్లాక నా దగ్గరికి వచ్చే వంగిన, పగిలిన అల్లాయ్‌లలో రన్‌ఫ్లాట్ బళ్లవి చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉంటాయి. బుడిపె వచ్చిన టైరుకు ఏ రకానికీ మరమ్మతు లేదు, మార్చవలసిందే. పగిలిన అల్లాయ్‌ని వెల్డింగ్ చేసి ఇచ్చేవాళ్లు ఆటోనగర్‌లో చాలామందే ఉన్నారు. అలాంటి రిమ్‌ను నేనైతే ముందు చక్రానికి బిగించను.

గుంతల విషయంలో రన్‌ఫ్లాటా కాదా అన్నదానికంటే సైడ్‌వాల్ ఎత్తు ఎక్కువ ముఖ్యం. మీది 17 అంగుళాల రిమ్, 50 ప్రొఫైల్, అంటే గోడ ఎత్తు 225 మిల్లీమీటర్ల వెడల్పులో సగం, కాబట్టి సైడ్‌వాల్ ఎత్తు 112 మిల్లీమీటర్లు ఉంటుంది, ఫరవాలేదు. అందం కోసం 18, 19 అంగుళాలకు వెళ్లాలన్న ఆలోచన ఉంటే ఇప్పుడే మానుకోండి.

మూడోది, అసలైనది, పంక్చర్ మరమ్మతు. మన రోడ్ల మీద వచ్చే పంక్చర్లలో అత్యధికం ట్రెడ్, అంటే నేలకు ఆనే భాగం, మధ్యలో దిగిన మేకులు, స్క్రూలు. మామూలు ట్యూబ్‌లెస్‌కు అది పది నిమిషాల పని. బయటినుంచి స్ట్రిప్ వేస్తారు, ఇంకా శ్రద్ధ ఉంటే టైరు విప్పించి లోపలినుంచి మష్రూమ్ ప్యాచ్ వేయించుకోవచ్చు. నేను ప్యాచ్‌నే సిఫారసు చేస్తాను. రన్‌ఫ్లాట్‌కు వచ్చేసరికి కొన్ని కంపెనీలు అసలు మరమ్మతే వద్దంటాయి, కొన్ని లోపల పరీక్షించి, షరతులతో ఒప్పుకుంటాయి. వాళ్ల భయానికి కారణం ఉంది. గాలి లేకుండా ఎంత దూరం నడిచిందో బయటినుంచి చూస్తే తెలియదు.

లోపల చూస్తే తెలుస్తుంది. గాలి లేకుండా నడిచిన రన్‌ఫ్లాట్‌ను మెషీన్ మీద విప్పి, లోపలి సైడ్‌వాల్ మీద వేలు పెట్టి చుట్టూ తిప్పుతాను. కొద్ది దూరమే నడిచి ఉంటే వేలికి నునుపుగా తగులుతుంది. ఎక్కువ దూరం నడిచి ఉంటే మిరియాల పొడిలా నల్లటి రబ్బరు రజను వేలికి అంటుతుంది, టైరును నిలబెట్టి తడితే అడుగున పిడికెడు రాలుతుంది. గోడ మధ్యలో చుట్టూరా ఒక పట్టీ మేర రంగు మారి, సన్నటి ముడతలు పడి ఉంటాయి. ఆ పట్టీ కనబడితే ట్రెడ్ ఎంత కొత్తగా ఉన్నా ఆ టైరు అయిపోయినట్టే. దానికి ప్యాచ్ వేసి పంపేవాడు మీ మేలు కోరేవాడు కాదు. రజను లేకుండా, మేకు ట్రెడ్ మధ్యలో ఉండి, హెచ్చరిక లైటు వెలగగానే గాలి పట్టించుకుని వచ్చారని తేలితే, ఆ కంపెనీ అనుమతి కూడా ఉంటే, లోపలినుంచి ఒక్కసారి ప్యాచ్ వేస్తాను. రెండోసారి వేయను.

ఇక్కడ రోడ్డుపక్క పంక్చర్ షాపుల గురించి ఒక మాట. వాళ్ల పనితనాన్ని తక్కువ చేయడం లేదు, అర్ధరాత్రి మనల్ని ఆదుకునేది వాళ్లే. కానీ రన్‌ఫ్లాట్ గోడ గునపాలకు లొంగదు. దాన్ని విప్పడానికి అదనపు చెయ్యి ఉన్న టైరు ఛేంజర్ మెషీన్ కావాలి. గునపాలతో బలవంతంగా విప్పితే టైరు అంచు చిరుగుతుంది, రిమ్ గీసుకుపోతుంది, వాల్వు దగ్గరుండే గాలి ఒత్తిడి సెన్సర్ విరుగుతుంది. మేకు పంక్చర్‌కు వెళ్లి సెన్సర్ ఖర్చుతో వచ్చినవాళ్లు ఉన్నారు.

ఖర్చు సంగతి మీరే చూశారు కదా. సైజును బట్టి, బ్రాండును బట్టి మారుతుంది కానీ మీ సైజులో రన్‌ఫ్లాట్ ధర మామూలు దానికి ఒకటిన్నర రెట్ల చుట్టుపక్కల ఉంటుంది. నాలుగు టైర్లకు ఆ తేడాతో ఒక స్టెప్నీ, మంచి జాకీ, గాలి పంపు కొన్నా ఇంకా మిగులుతుంది. అసలు తేడా కొన్నరోజు కాదు, తర్వాత ఒక్కో మేకు దిగినప్పుడు తెలుస్తుంది. ఒకరికి కొద్దిపాటి ప్యాచ్ ఖర్చు, మరొకరికి కొత్త టైరు. పైగా ఒక్క టైరు మారిస్తే అదే ఇరుసు మీద రెండోది సగం అరిగి ఉంటుంది, చాలాసార్లు జతగా మార్చాల్సి వస్తుంది.

మా దగ్గరికి వచ్చే ఇద్దరి సంగతి చెబుతాను, మీకు పోల్చుకోవడానికి పనికొస్తుంది.

ఒకావిడ గుంటూరులో ప్రసూతి వైద్యురాలు. ఏ రాత్రి ఏ ఆసుపత్రి నుంచి పిలుపు వస్తుందో తెలియదు, ఒక్కరే నడుపుకుంటూ వెళ్తారు. ఊరు, చుట్టుపక్కల మండలాలు, ఎటు చూసినా యాభై కిలోమీటర్లు దాటదు. ఆవిడకు రన్‌ఫ్లాట్ తప్ప ఇంకోటి నేను చెప్పను. 80 కిలోమీటర్ల పరిమితి ఆవిడ తిరిగే పరిధికి అతికినట్టు సరిపోతుంది. ఖర్చు ఎక్కువని ఆవిడకూ తెలుసు. "రాత్రి రెండింటికి జాకీ పట్టుకుని రోడ్డు మీద కూర్చోను, అంతే" అంటారు. ఇంకేం మాట్లాడతాం?

మరొకాయన వ్యాపారి, జర్మన్ కారు, రన్‌ఫ్లాట్లే. హైదరాబాద్ నుంచి వస్తుంటే సూర్యాపేట దాటాక లైటు వెలిగింది. బండి మామూలుగానే నడుస్తోంది కదా అని 110 మీద అలాగే వచ్చేశారు. నా షాపు ముందు ఆగేసరికి వెనక ఎడమ టైరు సైడ్‌వాల్ చుట్టూ కోసినట్టు విడిపోయి ఉంది, రిమ్ అంచు తిని ఉంది. రన్‌ఫ్లాట్‌లో ఉన్న చిక్కే ఇది. గాలి పోయినా చూడటానికి టైరు నిండుగానే కనిపిస్తుంది, నడకలో తేడా పెద్దగా తెలియదు. కాబట్టి ఆ హెచ్చరిక లైటే మీకు కళ్లు. అది పనిచేయని బండిలో రన్‌ఫ్లాట్ ఉండకూడదు. లైటు వెలిగితే వేగం 80 లోపుకు తగ్గించి, దగ్గర్లోని పెట్రోలు బంకులో గాలి చూపించండి. నెమ్మదిగా దిగే పంక్చర్ అయితే గాలి నింపుకుంటూ చాలా దూరం రావచ్చు, టైరూ దక్కుతుంది.

ఆ లైటు రెండు రకాలుగా పనిచేస్తుంది. ఒకటి ప్రతి చక్రంలో సెన్సర్ ఉండి గాలి ఒత్తిడిని నేరుగా కొలిచేది. తెరమీద ఒక్కో చక్రానికి అంకె కనబడితే మీది అదే. ఆ సెన్సర్లలోని బ్యాటరీ ఐదు నుంచి పదేళ్లు వస్తుంది, మీ బండి వయసు చూస్తే టైర్లు విప్పినప్పుడే వాటి పరిస్థితి చూపించుకోవడం మంచిది. రెండోది ఏబీఎస్ సెన్సర్లతో చక్రాలు తిరిగే వేగాన్ని పోల్చి, గాలి తగ్గి చిన్నదైన చక్రాన్ని పట్టుకునేది. దీనికి నాలుగు టైర్లలో గాలి సమానంగా, మెల్లగా తగ్గితే తెలియదు. కాబట్టి నెలకు రెండుసార్లు చల్లటి టైర్ల మీద గాలి చూపించుకోవాలి. టైర్లు మార్చినా, గాలి సరిచేసినా బండి మెనూలో రీసెట్ కొట్టాలి, లేకపోతే పాత లెక్కతోనే పోల్చుకుంటూ ఉంటుంది. మామూలు టైర్లు వేసినంత మాత్రాన ఈ వ్యవస్థ ఆగిపోదు, రెండు రకాలతోనూ పనిచేస్తుంది.

సరే, మామూలువి వేయించాలని నిర్ణయించుకుంటే ఇవి చూసుకోండి.

నాలుగూ ఒకేసారి మార్చండి. ముందు రెండు రన్‌ఫ్లాట్, వెనక రెండు మామూలువి అనే బేరం ఒప్పుకోకండి. గోడల గట్టిదనం వేరు కాబట్టి బ్రేకు కొట్టినప్పుడు, తడి మలుపుల్లో బండి ముందూ వెనకా వేర్వేరుగా ప్రవర్తిస్తుంది. ఒకే ఇరుసు మీద కలపడం మరీ అన్యాయం.

సైజు మార్చకండి. 225/50 ఆర్ 17 తర్వాత 94 డబ్ల్యూ అని ఉంటుంది. 94 అంటే ఒక్కో టైరు 670 కిలోలు మోయగలదని, డబ్ల్యూ అంటే గంటకు 270 కిలోమీటర్ల వేగం వరకు పనికొస్తుందని. వేగం అక్షరం మీద అంత పట్టింపు ఎందుకని అడుగుతారు, మనం 270లో పోం కదా అని. నిజమే, కానీ బండి తయారీదారు చెప్పిన అంకెకు, అక్షరానికి దిగువకు పోకపోవడమే మంచిది. ప్రమాదం జరిగి ఎవరైనా ప్రశ్నిస్తే జవాబు చెప్పుకునే అవసరం రాదు. బండి ఇంకా ఏదైనా పొడిగించిన వారంటీలో ఉంటే, టైరు రకం మారిస్తే దానిమీద ప్రభావం ఉందా అని షోరూమ్ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట వద్దు.

మీ పాత టైరు మీద ఏ అక్షరాలున్నాయో చూస్తే అది రన్‌ఫ్లాటో కాదో తేలిపోతుంది. బ్రిడ్జ్‌స్టోన్‌లో ఆర్‌ఎఫ్‌టీ, మిషెలిన్‌లో జెడ్‌పీ, గుడ్‌ఇయర్‌లో ఆర్‌ఓఎఫ్, కాంటినెంటల్‌లో ఎస్‌ఎస్‌ఆర్, మెర్సిడెస్ కోసం చేసినవాటిలో ఎంఓఈ. సెకండ్‌హ్యాండ్ బళ్లలో ఒక్కటి మాత్రమే మామూలుది వేసి అమ్మేసినవి చూశాను కాబట్టి నాలుగూ చూసుకోండి.

స్టెప్నీ. మీ మోడల్ బోల్టుల కొలతకు, బ్రేకు డిస్కుకు తగలకుండా సరిపోయే సన్నటి స్టెప్నీ తీసుకోవడం సులువైన దారి. డిక్కీలో దానికి గుంత లేదు కాబట్టి కొంత జాగా తింటుంది. పట్టీలతో గట్టిగా కట్టించండి. వదులుగా వదిలేస్తే గట్టి బ్రేకుకు అది ఎగిరి ముందుకు వస్తుంది. ఒకసారి ఇంటి దగ్గర నాలుగు చక్రాలకూ బిగించి చూడండి, రోడ్డు మీద మొదటిసారి ప్రయత్నించకండి. రన్‌ఫ్లాట్‌తో వచ్చిన బళ్లలో చాలావాటికి జాకీ కూడా ఇవ్వరు, అది ఉందో లేదో చూసుకోండి. అన్నిటికంటే ముఖ్యంగా చక్రాలు దొంగలపాలు కాకుండా వేసే తాళపు బోల్టు తీసే ప్రత్యేక సాకెట్ డిక్కీలో ఉందా? సెకండ్‌హ్యాండ్ బళ్లలో అది మాయమవడం పరిపాటి. అది లేకపోతే స్టెప్నీ, జాకీ, మనుషులు అన్నీ ఉండి కూడా చక్రం ఊడదు.

స్టెప్నీ లేకుండా పంక్చర్ కిట్ చాలదా అని చట్టం చూపించి అడుగుతారు. 2020లో కేంద్ర నిబంధనలు మార్చి, ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి ఒత్తిడి హెచ్చరిక, పంక్చర్ కిట్ ఉన్న కార్లకు స్టెప్నీ తప్పనిసరి కాదన్నారు. కాబట్టి చట్టం మిమ్మల్ని పట్టుకోదు. కానీ కిట్‌లోని ద్రవం ట్రెడ్‌లో మేకు చేసిన చిన్న రంధ్రాన్ని పూడుస్తుంది, సైడ్‌వాల్ చీలితే చేతులెత్తేస్తుంది. నందిగామ దగ్గర ఒక దంపతులకు సరిగ్గా అదే జరిగింది. రోడ్డు మధ్యలో పడున్న ఇనుప ముక్క మీదుగా పోతే సైడ్‌వాల్ రెండంగుళాల మేర తెరుచుకుంది. మామూలు టైర్లు, స్టెప్నీ లేదు, కిట్ ఉంది. సీసా మొత్తం ఖాళీ చేసినా నురగ బయటికే వచ్చింది. చివరికి బండిని ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి తెచ్చారు. ఇంత చీలికకు రన్‌ఫ్లాట్ కూడా 80 కిలోమీటర్లు పోతుందన్న నమ్మకం లేదు, అది వేరే సంగతి. స్టెప్నీ ఉంటే సరిపోయేది.

జాతీయ రహదారి మీద ఇరుక్కుంటే 1033కు ఫోను చేయండి. గస్తీ బండి వస్తుంది, బండి చుట్టూ కోన్లు పెడతారు, క్రేను పిలుస్తారు. మీది వెనక చక్రాలు తిప్పే ఆటోమేటిక్ బండి, వెనక చక్రాలు నేలమీద ఉంచి లాగనివ్వకండి, ఫ్లాట్‌బెడ్డే కావాలని పట్టుబట్టండి.

మూడో దారి కూడా ఒకటి ఉంది, చాలామందికి తెలియదు. టైరు లోపల జిగురు పొర పూసి ఉంటుంది, మేకు దిగితే అదే చుట్టూ అతుక్కుని గాలిని ఆపుతుంది. కాంటినెంటల్‌లో కాంటిసీల్, మిషెలిన్‌లో సెల్ఫ్‌సీల్ అంటారు. సైడ్‌వాల్ మెత్తగానే ఉంటుంది, నడక బాగుంటుంది. ట్రెడ్‌లో ఐదు మిల్లీమీటర్ల దాకా రంధ్రాన్ని ఆపగలదని చెబుతారు. సైడ్‌వాల్ దెబ్బకు ఇదీ పనికిరాదు. మన దగ్గర అన్ని సైజుల్లో దొరకదు, మీ సైజులో ఎవరైనా తాజా సరుకు చూపిస్తే ఆలోచించదగ్గదే. రోడ్డుపక్క షాపులో పోసే పచ్చటి సీలెంట్ ద్రవం మాత్రం ఇది కాదు. దాన్ని ముందుగానే టైర్లలో పోయించుకోకండి. సెన్సర్ మీద పేరుకుంటుంది, బ్యాలెన్సింగ్ చెడుతుంది, తర్వాత టైరు విప్పే కుర్రాడు మనల్ని తిట్టుకుంటాడు.

కొత్తవి బిగించే ముందు సైడ్‌వాల్ మీద నాలుగు అంకెలు చదవండి. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. పెద్ద సైజుల్లో, ముఖ్యంగా రన్‌ఫ్లాట్లలో, అమ్ముడుపోక గోదాములో మూలిగినవి భారీ తగ్గింపుతో వస్తుంటాయి. ఏడాది లోపువి తీసుకోండి, రెండేళ్లు దాటినవి తగ్గింపు ఎంతిచ్చినా వద్దనండి. బిగించాక నాలుగు చక్రాల బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ చేయించి, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కర్ మీదున్న గాలి ఒత్తిడి పట్టించండి. స్టిక్కర్‌లో మనుషులు నిండుగా ఉన్నప్పుడు వేరే అంకె ఉంటుంది, గుంటూరు వెళ్లే రోజు అది వాడండి.

మీరు రాయనిది ఒకటుంది, దానిమీద నా సలహా మారవచ్చు. మీ శ్రీమతి నడిపే రోజుల్లో ఎక్కడెక్కడికి, ఏ వేళకు వెళ్తారు? పిల్లల బడి, పగటిపూట పనులే అయితే పైన చెప్పినదే ఖాయం. ఆవిడే నెలకు రెండుసార్లు సాయంత్రం బయలుదేరి ఒంటరిగా గుంటూరు వస్తుంటే, ఆవిడ చేత ఒకసారి ఆ చక్రం విప్పించి చూడండి. చేయగలిగితే సరే. చేయలేకపోతే, లేదా చేయడం ఆవిడకు ఇష్టం లేకపోతే, ఇంకోసారి రన్‌ఫ్లాట్ వేయించడమే నయం. ఇప్పుడున్న టైర్ల ఫొటోలు, ఆ నాలుగు అంకెలు, వెనక టైర్ల లోపలి అంచు అరుగుదల ఇక్కడ పెట్టండి. లోపలి అంచు ఒక్కటే ఎక్కువ అరిగి ఉంటే టైర్లకంటే ముందు అలైన్‌మెంట్, సస్పెన్షన్ బుష్‌లు చూపించాల్సి ఉంటుంది, లేకపోతే ఏ రకం వేసినా ఏడాదిలో మళ్లీ ఇదే ప్రశ్న అడుగుతారు.